మొదటి గుక్క

మా బాపు గీత కార్మికుడు. జనగామకు కూతవేటు దూరంలో ఉన్న మా ఊళ్లో ఊహ తెలిసినప్పటి నుంచీ తాళ్లెక్కి కల్లు గీశాడు. నడుముకు ముత్తాదు పట్టీ బిగించి, చెట్టు చుట్టూ మోకు తాడు వేసి, ఆ మోకును రెండు చేతులతో పైకి జరుపుకుంటూ ఎక్కుతుంటే వేళ్ల కణుపులు తాటి మానుకు ఒరుసుకుంటూనే ఉంటాయి. అయినా ఆయన చేతుల మీద గీరు పడడం నేనెప్పుడూ చూడలేదు. తోలు అంత మొద్దుబారిపోయి ఉండేది. చిన్నప్పుడు ప్రేమగా నా చెంప నిమిరితే గరగరలాడేది, ఉడుక్కుని ఆ చేయి తోసేసేదాన్ని.

ప్రత్యేక రాష్ట్రం కోసం ఊరూరా దీక్షా శిబిరాలు లేచిన రోజుల్లో, ఆ చేతుల మీద నీటిబొబ్బలు మొదలయ్యాయి. చిక్కుడు గింజంత బొబ్బ లేచి, రెండు రోజుల్లో పగిలి, కింద ఎర్రటి పచ్చిపుండు మిగిలేది. అది మానేలోపు పక్కన ఇంకోటి లేచేది. తువ్వాలతో కాస్త గట్టిగా తుడుచుకున్నా పైపొర ఊడి వచ్చేది. ముఖం నల్లబడింది. కణతల మీద, చెంపల మీద ఎన్నడూ లేని వెంట్రుకలు మొలిచాయి. చెట్టెక్కితే మోకు రక్తమయ్యేది. ఒకరోజు సగం చెట్టు ఎక్కి దిగివచ్చేశాడు. మా అవ్వ, అంటే అమ్మ, నాకు ఫోన్ చేసి చెప్పింది ఆ సగం చెట్టు సంగతే. పుండ్ల గురించి ఆమె ఏడవలేదు, చెట్టు మధ్యలోంచి దిగాడన్నందుకే ఏడ్చింది.

నేను అప్పటికి మహబూబాబాద్‌లో గది తీసుకుని, దగ్గర్లోని తండా బడిలో పాఠాలు చెబుతున్నాను. మేము మహబూబాబాద్‌ను మానుకోట అనే అంటాం. పదిహేను రోజులకోసారి రైల్లో ఇంటికి వచ్చేదాన్ని. వచ్చినప్పుడల్లా బాపు చేతులకు ఏదో ఒక కొత్త వైద్యం జరుగుతూ ఉండేది. ఊరంతా కలిసి తేల్చిన జబ్బు పేరు వేడి. వేడికి మా ఊళ్లో అందరూ చెప్పే మందు పొద్దాటి కల్లు, చలవ చేసే ఒక రకం తాటికల్లు. బాపు గురించి చెప్పేదేముంది, మందు ఇంట్లోనే ఉండె. పొద్దునొక లొట్టి కుండ, సాయంత్రమొక లొట్టి తాగాడు. బొబ్బలు ఇంకా ఎక్కువయ్యాయి. ఊరి డాక్టరు సూదులేశాడు. నేనేమో చదువుకున్నదాన్ని కదా, మానుకోట మందుల షాపులో ఎండకు పూసుకునే తెల్లటి క్రీము కొని తెచ్చాను. ఆయన దాన్ని బుద్ధిగా పూసుకుని ఎండలోకి వెళ్లేవాడు. అది ఈ జబ్బు తెచ్చే వెలుగును అడ్డుకోదని, బట్టే అడ్డుకుంటుందని తర్వాత తెలిసింది. నా చదువు చేసిన మేలు అంతవరకే.

అసలు పరేషాన్ మండువ దగ్గర మొదలైంది. మండువ అంటే తాటివనంలో కల్లు పోసే చోటు. బాపు చెట్లెక్కలేకపోయేసరికి తోటి గీత కార్మికుడొకాయన ఆ చెట్లు గీసి లొట్లు దింపి ఇచ్చేవాడు, బాపు మండువలో కూర్చుని పోసేవాడు. ఆ చేతులు చూసి జనం వెనక్కి తగ్గారు. కుష్టు అని ఒకరు గుసగుసలాడితే ఇంకొకరు పక్క మండువకు నడిచారు. మా దగ్గర ఒక రివాజు ఉంది. కల్లులో మత్తు పొడి కలుపుతారన్న భయం ఎప్పుడూ ఉండేదే కాబట్టి, పోసేవాడు మొదట తన తాటి రేకులో, అంటే మడిచిన తాటాకు దొప్పలో, పోసుకుని అందరి ముందూ తాగాలి. ఆ మొదటి గుక్క చూశాకే మిగతావాళ్లు రేకులు పడతారు. దాన్ని రుచి చూసుడు అంటారు.

ఇంకో కట్టుబాటు కూడా ఉంది, దాని గురించే మా ఇంట్లో ఎవరికీ నిద్రపట్టలేదు. ఏడాది తిరిగేలోపు చెట్టెక్కనివాడి చెట్లను గీత కార్మికుల సంఘం వేరేవాళ్లకు అప్పగిస్తుంది. బాపు సగంలో దిగింది ఎండాకాలం చివర. అంటే మళ్లీ వచ్చే ఎండాకాలానికి, ఆ కాలంలో కల్లిచ్చే తాటిచెట్లు, పరుపుతాళ్లు గీసే నాటికి, ఆయన చెట్టు మీద ఉండాలి. లేకపోతే తన తాత చేతి నుంచి వచ్చిన చెట్ల కింద వేరేవాడు పోసిన కల్లు కొనుక్కుని తాగాలి.

“నేను ఎక్కుత బిడ్డా. జర ఈ చేతులు మంచిగ చేపియ్యి చాలు” అన్నాడు. మా బాపు నన్ను జీవితంలో అడిగింది ఆ ఒక్కటే. చేయిస్తానని మాటిచ్చాను.

వరంగల్‌లో చర్మం డాక్టరమ్మ దగ్గరికి తీసుకువెళ్లాను. ఆమె నోరు విప్పగానే కోస్తా మనిషని తెలిసిపోయింది. నా ముఖం ముడుచుకుంది. టీచర్ ట్రైనింగ్‌లో నా మాటను వెక్కిరించి నవ్విన గొంతులన్నీ గుర్తొచ్చాయి. అప్పుడు మా నాన్న ఏం చేస్తాడని అడిగితే వ్యవసాయమని అబద్ధం చెప్పినదాన్ని నేను. ఉద్యమం వచ్చాక నా మాట నాకు తిరిగొచ్చింది, దాంతోపాటే కోపం కూడా వచ్చింది. ఆమె మాత్రం బాపు చేతులు తన చేతుల్లోకి తీసుకుని, వెలుగు దగ్గర పెట్టి, చాలాసేపు చూసింది. మా ఊళ్లో అప్పటికి ఎవరూ ఆ చేతుల్ని ముట్టుకోవడం లేదు.

“రేపు పొద్దుటి మూత్రం సీసాలో పట్టుకురండి నాన్నగారూ” అంది.

బాపు నీళ్ల సీసాలో పట్టి, రైల్లో కిటికీ పక్కన పెట్టుకున్నాడు. ఎండ పడుతూనే ఉంది. వరంగల్ చేరేసరికి అది చిక్కటి డికాక్షన్ రంగుకు తిరిగింది. చెడిపోయిందనుకున్నాను. పారబోసి కొత్తది తెస్తామంటే డాక్టరమ్మ వద్దంది, ఇదే కావాలంది. గదిలో దీపాలు ఆర్పి, ఒక నీలం రంగు లైటు దాని మీద వేసింది. సీసా లోపల గులాబీ రంగు వెలిగింది.

“గులాల్ లెక్కున్నదే” అన్నాడు బాపు సంబురంగా. ర్యాలీల్లో చల్లుకునే గులాల్ అప్పుడు అందరి కళ్లలోనూ ఉండేది.

జబ్బు పేరు పోర్ఫిరియా అని చెప్పింది. రక్తానికి ఎరుపు తెచ్చే పదార్థం ఒంట్లో మెట్టు మెట్టుగా తయారవుతుందట. కాలేయంలో ఒక మెట్టు దగ్గర పని ఆగిపోతే, సగం తయారైన సరుకు పేరుకుని చర్మంలోకి చేరుతుంది, దాని మీద వెలుతురు పడితే ఒళ్లు కాలి బొబ్బలు లేస్తాయి. ఎందుకు ఆగిందో తెలుసుకోవడానికి రక్తపరీక్షలు రాసింది. అవి వచ్చాక ఒకటే ప్రశ్న అడిగింది.

“ఆయనకు ఎప్పుడైనా రక్తం ఎక్కించారా?”

నేను ఐదో తరగతిలో ఉండగా బాపు చెట్టు మీది నుంచి పడ్డాడు. తొడ ఎముక విరిగింది. ముక్కూముఖం తెలియని మనుషుల రక్తం సీసాలకొద్దీ ఎక్కిస్తే బతికాడు. మా ఇంట్లో దాన్ని దేవుడి మహిమలా చెప్పుకునేవాళ్లం. ఆ రక్తంలోనే హెపటైటిస్ సి వైరస్ వచ్చి ఉంటుందని, అప్పట్లో దాన్ని పట్టే పరీక్షే లేదని, అది అన్నేళ్లుగా చప్పుడు చేయకుండా కాలేయాన్ని తింటోందని డాక్టరమ్మ చెప్పింది. ఇప్పుడు ఆ కాలేయంలో ఇనుము పేరుకుపోయింది, దాని మీద కల్లు పడుతోంది, మూడూ కలిసి ఆ మెట్టును ఆపేశాయి. ముట్టుకుంటేనో పక్కన కూర్చుంటేనో అంటేది కాదని కూడా చెప్పింది. బాపు ఆ మాట రెండోసారి చెప్పించుకున్నాడు.

ఆ పడ్డ రోజు నుంచి మా అవ్వ కల్లు ముట్టలేదు. అంతకుముందు పండక్కో పబ్బానికో అందరు ఆడవాళ్లలాగే రేకెడు తాగేది. దవాఖాన బయట కూర్చుని, ఆయన బతికితే నోట్లో చుక్క పోయనని ఎల్లమ్మకు మొక్కుకుంది. లొట్లు కడిగేది, సున్నం రాసేది, వాసన కూడా పీల్చకుండా ముఖం పక్కకు తిప్పుకునేది.

వైద్యం విని నేనే నమ్మలేకపోయాను. పదిహేను రోజులకోసారి ఒక సంచి రక్తం తీసి పారేయాలి. కొత్త రక్తం తయారు చేసుకోవడానికి ఒళ్లు ఆ పేరుకున్న ఇనుమునే వాడుకుంటుంది, అలా కాలేయం తేలికపడుతుంది. మలేరియాకు ఇచ్చే ఒక రకం మాత్ర చిన్న మోతాదులో, వారానికి రెండుసార్లే. ఎక్కువ వేస్తే కాలేయానికే ముప్పు. పగలు బయటికి వస్తే మణికట్టు దాకా చేతుల చొక్కా, గ్లవుజులు, ముఖానికి బట్ట. వైరస్‌కు సూదులున్నాయి కానీ అవి నెలల తరబడి మనిషిని పీల్చేస్తాయి, ముందు చర్మం, ఇనుము దారికి వచ్చాక వాటి సంగతి చూద్దామంది. కల్లు మాత్రం చుక్క కూడా వద్దంది.

“తాగుడు ఇయ్యాల్టి సంది బందు” అన్నాడు బాపు. “పరుపుతాళ్ల నాటికి చెట్టెక్కుతనా డాక్టరమ్మా?”

ఆమెకు అర్థం కాలేదు. వచ్చే ఎండాకాలమని నేను చెప్పాను. బొబ్బలు ఆగి, ఇనుము దిగితే, తెల్లవారుజామున ఒళ్లంతా కప్పుకుని ఎక్కవచ్చంది. బాపుకు అంతే కావాలి. నాకూ అంతే కావాలి.

మొదటిసారి రక్తం తీసిన రోజు, నిండిన సంచిని రక్తం తీసే అబ్బాయి తీసుకెళ్లి చెత్తడబ్బాలో వేయబోతే బాపు లేచి కూర్చున్నాడు.

“పారేస్తవా? గాడ దీక్ష శిబిరంల పిల్లలు పస్తులుండి పడి లేస్తున్నరు, ఎవలకన్న ఎక్కియ్యరాదు?”

పనికిరాదని, ఇందులో వైరస్ ఉందని ఆ అబ్బాయి మెల్లగా చెప్పాడు. బాపు సంచి వైపే చూస్తూ పడుకున్నాడు. “నాకు ఎవలిదో ఎక్కిచ్చి బతికిచ్చిండ్రు. నాది మాత్రం ఎవలకు పనికిరాదా” అన్నాడు. నాకు కన్నీళ్లు ఆగలేదు, బయటికి వెళ్లి వరండాలో నిలబడ్డాను.

నాలుగుసార్లు తీశాక పరీక్ష చేస్తే ఇనుము దిగలేదు. ఇంకా కాస్త పెరిగింది కూడా. డాక్టరమ్మ కాగితం అటూ ఇటూ తిప్పింది. ఏం తింటున్నాడని అడిగింది. నాకు తెలియదన్నాను. తెలియకపోవడం నా తప్పే. పదిహేను రోజులకోసారి వచ్చి, దవాఖానకు తిప్పి, మళ్లీ మానుకోట రైలెక్కేదాన్ని తప్ప వంటింట్లోకి తొంగిచూసింది లేదు.

ఆ ఆదివారం చూశాను. పొద్దున్నే మేకను కోసిన ఇంటికి అవ్వ గిన్నె పట్టుకుపోయి కార్జం, నల్ల తెచ్చింది. కార్జం అంటే మేక కాలేయం, నల్ల అంటే దాని రక్తం, ఉల్లిగడ్డలేసి వేయిస్తారు. ఇనుప మూకుట్లో వేయించి, బాపు ముందు పెట్టి, తినేదాకా కదలలేదు. రక్తం తీసిన ప్రతిసారీ వారం రోజులు ఇదే వరస అట. బియ్యం డబ్బాలో చేయి పెడితే ఒక సీసా తగిలింది, రక్తం పట్టే టానిక్. నా తమ్ముడు భూపాలపల్లిలో బొగ్గుబాయిలో పనిచేస్తాడు. వాడికి ఫోన్ చేశాను.

“అవ్వ అడిగింది, నేను దెచ్చిన. రక్తం తీస్తుంటే రక్తం పట్టేది ఇయ్యాలె గదా అక్కా, తప్పేంది?” అన్నాడు.

వాడి తప్పేమీ లేదు. రక్తం పోతే రక్తం తినిపించాలని మా వైపు పసిపిల్లకైనా తెలుసు. కానీ నా కోపం నాకంటే ముందు పుట్టింది. ఆ టానిక్‌ను తీసుకెళ్లి గిన్నెలు కడిగే జాలారిలో పారబోశాను. వచ్చి అవ్వ మీద అరిచాను.

“నువ్వే బాపును సంపుతున్నవ్! డాక్టర్లు ఓ దిక్కు ఇనుము తీస్తుంటే నువ్వు ఓ దిక్కు నింపుతున్నవ్!”

అవ్వ గరిటె కింద పెట్టింది. “ఆల్లు సంచులకు సంచులు గుంజుతుంటే నేను సూస్కుంట కూసోవాలెనా? మనిషి ఎట్లయిండో సూడు. నీకేం, పొద్దుగాల రైలెక్కి పోతవ్. మరి నేనేం జెయ్యాలె, చెప్పు.”

“నువ్వేం జెయ్యకు. ఏమీ జెయ్యకుంటె అదే పదివేలు” అన్నాను.

ఆ మాట అన్నందుకు ఇప్పటికీ నా మీద నాకు అసహ్యం వేస్తుంది. ముప్పై ఏళ్లుగా ఒక మనిషి చేతికి అన్నం పెడుతూ వస్తున్నామెతో ఏమీ చేయకు అన్నాను. ఆమె ఆ రోజు నుంచి జొన్నరొట్టె, పప్పు, కూరగాయలు పెట్టింది. అన్నం తినగానే చాయ్ తాగిస్తే తిండిలోని ఇనుము సరిగా ఒంటపట్టదని డాక్టరమ్మ చెబితే, కంచం తీయకముందే చాయ్ గ్లాసు పెట్టేది. కానీ బాపు తింటుంటే ఎదురుగా కూర్చోవడం మానేసింది.

ఇనుము దిగడం మొదలైంది. మేము సంతోషపడ్డాం. కానీ బొబ్బలు ఆగలేదు. కాలేయం పరీక్షలు కూడా బాగాలేవు. డాక్టరమ్మ కళ్లద్దాలు తీసి బాపును అడిగింది, కల్లు నిజంగా మానేశారా అని.

“మానేసిన. ఎల్లమ్మ తోడు” అన్నాడు బాపు.

ఆమె నమ్మలేదని ముఖంలో కనబడింది. నాకు మండిపోయింది.

“మా బాపు అబద్ధం చెప్పడు. మా వాళ్లంటే తాగుబోతులనే కదా మీ అందరి లెక్క?” అన్నాను.

గదిలో ఉన్న నర్సు తల దించుకుంది. డాక్టరమ్మ కళ్లద్దాలు పెట్టుకుని, “నేను ఎవరి లెక్కా చెప్పడం లేదమ్మా. ఆయన కాలేయం చెబుతోంది” అని మందులు రాసి ఇచ్చింది. నేను థాంక్స్ కూడా చెప్పకుండా బయటికి వచ్చాను.

ఆ తర్వాతే రాష్ట్రం కోసం సమ్మె మొదలైంది. బడులు మూతపడ్డాయి, బస్సులు ఆగిపోయాయి. మేము టీచర్లం కూడా దిగాం. నేను స్కూటీ వేసుకుని తొర్రూరు మీదుగా ఊరికి వచ్చేశాను. సమ్మె రోజుల్లోనే బాపుకు రక్తం తీయాల్సిన రోజు వచ్చింది. ఆ రోజు రైళ్లు కూడా లేవు. ఈసారికి ఆగుదామన్నాడు బాపు. సంఘం గడువుకు ఇంక ఆరు నెలలే ఉంది, ఒక్క వాయిదా కూడా పోనివ్వదలచుకోలేదు నేను. స్కూటీ మీద తీసుకెళ్తానన్నాను.

పొడుగు చేతుల చొక్కా, ఉన్ని గ్లవుజులు, మంకీ క్యాపు, దాని మీద దుప్పటి. ఆ వేషంతో బాపును వెనక కూర్చోబెట్టుకుని వరంగల్ దారి పట్టాను. రఘునాథపల్లి దాటాక రోడ్డు మీద ఉద్యమం వాళ్ల వంటా వార్పు. నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి, పెద్ద గుండిగల్లో అన్నం వండుతున్నారు. బండి ఆపారు.

“గింత ఎండల గీ దుప్పటేంది పెద్దాయనా?” అని ఒకతను నవ్వాడు.

బాపు గ్లవుజులు తీసి చేతులు చూపించాడు. నవ్వు ఆగిపోయింది. దవాఖానకు పోనివ్వండ్రి అని దారి ఇచ్చారు. అంతలో పొయ్యి దగ్గర గరిటె తిప్పుతున్న మనిషి మమ్మల్ని గుర్తుపట్టాడు. మా ఊరాయనే, మా మండువకు వచ్చేవాడే. నా దగ్గరికి వచ్చి, నన్ను సంతోషపెట్టాలనే, అందరికీ వినబడేలా అన్నాడు.

“మా టీచరమ్మ గీమె. వీళ్ల బాపు చేతులు సూసి ఊళ్లె మంది భయపడ్డరు. గానీ ఏం జేసిండు? దినాం పొద్దుగాల మా ముందల రేకు నిండ పోసుకొని తాగి సూపెడ్తడు. ఇయ్యాల పొద్దుగాల గుడ తాగినంకనే మాకు పోసిండు. గందుకే మేము గీయన తానికే పోతున్నం!”

నేను స్కూటీ స్టాండు వేశాను.

“బాపూ, తాగుతున్నవా?”

“తాగుతలేను బిడ్డా. రుచి సూస్తున్న.”

“రేకు నిండనా?”

“రుచి సూసుడు తాగుడెట్లయితది? తాగుడంటె కూసొని తాగుడు. నేను గది మానేసిన. నీకు చెప్పిన నాటి సంది ఒక్కనాడు తాగలే.”

ఆయన ముఖంలో ఎక్కడా దాపరికం లేదు. ఎల్లమ్మ మీద పెట్టిన ఒట్టు ఆయన లెక్కలో నిజమే. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. నడిరోడ్డు మీద, గుండిగల పొగలో, మా బాపు మీద నేను అరిచిన అరుపులకు వంట చేసేవాళ్లు గరిటెలు ఆపి చూశారు. ఆయన తల వంచుకుని విన్నాడు. చివరికి ఒక ముసలామె విస్తరిలో అన్నం పెట్టి తెచ్చి, “తినిపోండ్రి, దవాఖానల ఎప్పటిదాక అయితదో” అంది. తిన్నాం. ఏడుస్తూనే తిన్నాను.

దవాఖానలో ముందుగా డాక్టరమ్మకు క్షమాపణ చెప్పాను. రుచి చూసుడు అంటే ఏమిటో వివరించాను. ఆమె బాపు వైపు తిరిగింది.

“మీరు దాన్ని ఏ పేరుతో పిలిచినా మీ కాలేయానికి తేడా తెలియదు నాన్నగారూ. అది కూడా మానాలి.”

“నేను తాగకుంట పోస్తే ఎవలు తాగుతరు డాక్టరమ్మా?” అన్నాడు బాపు. గొంతు పెరగలేదు. “ఈ చేతులు సూసినంక ఎవలు నమ్ముతరు? మండువ బందైతే చెట్లు గీసేటోడు గుడ రాడు. గీయని చెట్టు నాకెట్ల ఉంటది? నువ్వు చేతులు మంచిగ జేస్తవ్, అప్పటికి ఎక్కనీకి చెట్టుండదు.”

రక్తం తీయించుకుని, పొద్దు వాలాక, అదే దుప్పటి కప్పుకుని ఇంటికి వచ్చాం. జరిగిందంతా అవ్వకు చెప్పాను, రేపటి నుంచి మండువ బందు అని కూడా చెప్పాను. బాపు గోడకు ఆనుకుని కూర్చున్నాడు. అవ్వ లొట్లు కడుగుతూ ఉంది. తల ఎత్తలేదు.

తెల్లారి నాకంటే ముందే బాపు లేచి వెళ్లిపోయాడు. ఆయన్ను ఆపాలని తాటివనానికి ఉరికాను. నేను వెళ్లేసరికి ఐదారుగురు వరుసగా కూర్చుని ఉన్నారు. చెట్లు గీసే ఆయన లొట్టి దింపి ముందు పెట్టాడు. బాపు రేకు మడిచి పట్టుకుని, కల్లు పోసుకుని, నన్ను చూసి ఆగిపోయాడు. కూర్చున్నవాళ్లు ఆయన చేతినే చూస్తున్నారు. నేను నోరు తెరిచేలోపు నా వెనక నుంచి అవ్వ వచ్చింది. కడిగిన చేతులు కొంగుకు తుడుచుకుంటూ నేరుగా ఆయన దగ్గరికి వెళ్లి, ఆ రేకు తీసుకుంది.

“నీ మొక్కు గదా” అన్నాడు బాపు భయంగా.

“మొక్కింది నీ పానం కోసమే. తల్లికి ఎరుకే” అంది.

తూర్పుకు తిరిగి దండం పెట్టుకుంది. ఇరవై ఏళ్లు దాటింది ఆ నోట్లో కల్లు పడి. రేకు ఎత్తి, కళ్లు మూసుకుని, చివరి చుక్క దాకా తాగింది. ముఖం చిట్లించుకుని, మూతి తుడుచుకుని, కూర్చున్నవాళ్లతో అంది:

“సూసిండ్రా? ఇగ దినాం నేనే తాగి సూపెడ్త. ఆయన తాగడు. ఆయనకున్నది అంటేది గాదు. నేను ఆయన పక్కన పండుకుంటున్న, ఒక్క కంచంల తింటున్న, నాకేమన్న అయిందా? నమ్మేటోడు రేకు పట్టుండ్రి, నమ్మనోడు లేచి పోండ్రి.”

కూర్చున్నవాళ్లలో అందరికంటే పెద్దాయన రేకు ముందుకు చాపాడు. “పొయ్యి పటేలా” అన్నాడు బాపుతో. మిగతా రేకులు కూడా లేచాయి. అవ్వ నా పక్కకు వచ్చి, నాకు మాత్రమే వినబడేలా అంది.

“ఏం జెయ్యకన్నవ్ గదనే. గిది జేస్త.”

నేను ఆమె చేయి పట్టుకున్నాను.

చలికాలం మధ్యలో బొబ్బలు తగ్గాయి. శివరాత్రి నాటికి కొత్తది ఒక్కటీ లేవలేదు. ఇనుము దిగాల్సినంత దిగిందని, ఇక రక్తం తీయడం ఆపి చూద్దామని డాక్టరమ్మ చెప్పిన రోజున నేను ఆమెకు మా ఊరి కందిపప్పు తీసుకెళ్లాను. రాష్ట్రం వచ్చాక కొన్నాళ్లకు ఆ వైరస్‌కు సూదులతో పని లేకుండా మాత్రలే వచ్చాయి. మూడు నెలలు మింగాడు, అది కూడా పోయింది. కల్లు మాత్రం మళ్లీ ముట్టలేదు.

నేను చెప్పాలనుకున్నది ఆ ఎండాకాలం సంగతి. పరుపుతాళ్లు గీసే రోజులొచ్చాయి. సంఘం పెద్దలు ఇద్దరు తెల్లవారకముందే వచ్చి చెట్టు కింద నిలబడ్డారు. బాపు పొడుగు చేతుల చొక్కా వేసుకున్నాడు. గ్లవుజులతో మోకు జారుతుందని వాటిని తీసి నా చేతికిచ్చాడు. ముత్తాదు బిగించాడు, మోకు వేశాడు, ఎక్కాడు. సగం చెట్టు దగ్గర ఆగాడు. ఆయన మోకు సర్దుకుని మళ్లీ కదిలాడు. ఆకుల్లోకి వెళ్లి కనబడకుండా పోయాక కత్తి చప్పుడు వినబడింది.

లొట్టి పట్టుకుని దిగివచ్చాడు. దాన్ని కింద పెట్టి, బడిలో పిల్లలు గోళ్లు చూపించినట్టు, రెండు చేతులూ బోర్లించి నా ముందు చాపాడు. పాత మచ్చలున్నాయి. తాటి మాను దుమ్ము ఉంది. గీరు పడలేదు. నేను ఆ చేతిని నా చెంపకు ఆనించుకున్నాను. ఇంకా గరుగ్గానే ఉంది.

“సేతులు తర్వాత సూద్దువు గని, పొద్దెక్కుతుంది, మంది కూసున్నరు” అంది అవ్వ. “రేకు ఇటియ్యి.”